‘క్లాసు’ – వర్గం – ముఠా

తిరుపతిలో నేను పాఠం చెప్పే పిల్లలకు ‘క్లాసు’ అంటే తరగతి. రైలెక్కేవాడికి టిక్కెట్టు స్థాయి. పరీక్ష రాసినవాడికి మార్కుల శ్రేణి. 1848 నాటి ‘కమ్యూనిస్టు ప్రణాళిక’ మానవచరిత్రను వివరించింది ఈ మాటతోనే. అక్కడ దాన్ని మనం ‘వర్గం’ అన్నాం.

చిక్కంతా ఇక్కడే వుంది. రాయలసీమ కక్షల గురించి పత్రికలు ‘ఇరువర్గాల ఘర్షణ’ అని రాస్తే, ఆ వర్గం ముఠా. ముఠాలో భూస్వామీ, అతని కోసం వేటకొడవలి పట్టిన కూలీ ఒకే వైపుంటారు. ఎదుటి ముఠాలోనూ అంతే. వర్గదృష్టితో చూస్తే కూలీలిద్దరూ ఒక వైపు, భూస్వాములిద్దరూ మరో వైపు.

ముఠాకక్షల కథను ‘వర్గపోరాట కథ’ అని మెచ్చుకునే విమర్శ, చచ్చిన కూలీ ఎవరికోసం చచ్చాడన్న ప్రశ్నను మింగేస్తుంది. ఆ ప్రశ్న అడిగిన కథే నా దృష్టిలో వర్గచైతన్యం గల కథ. ముఠాను ముఠా అనే రాద్దాం. ‘వర్గం’ మాటను శ్రమజీవికి మిగులుద్దాం.