మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు?

పిల్లల్ని నాటకానికి తీసుకెళ్ళేముందు కథ చెప్పకూడదన్నది నా పద్ధతి. ఎక్కడ జరుగుతుంది, ఏ కాలంలో జరుగుతుంది, ఈ రెండూ చెబితే చాలు. 2022లో లండన్‌లోని మా తెలుగు కుటుంబాల కుర్రకారుని ‘స్మాల్ ఐలాండ్’ చూడ్డానికి నేషనల్ థియేటర్‌కి తీసుకెళ్ళినప్పుడు మాత్రం ఇంకో మాట కలిపాను. నల్లజాతివాళ్ళని తిట్టే తిట్లు స్టేజీ మీద వినిపిస్తాయి, ఆ రోజుల్లో ఈ వీధుల్లో అలాగే తిట్టేవాళ్ళు, చెవులు మూసుకోకండి అన్నాను.

“ఈ వయసులో వాళ్ళకి ఆ గొడవలన్నీ ఎందుకండీ? సరదాగా ఏదైనా మ్యూజికల్‌కి తీసుకెళ్ళొచ్చు కదా” అన్నారు ఒక తండ్రి. “మనకంటే ముందు ఈ దేశంలో దిగినవాళ్ళ కథండీ అది. మీరూ రండి” అన్నాను. ఆయన రాలేదు గానీ అబ్బాయిని పంపారు.

ఆ కథ జమైకాది. 1948లో ఎంపైర్ విండ్రష్ అనే ఓడ కరీబియన్ దీవుల జనాన్ని తెచ్చి జూన్ 22న లండన్ దగ్గర టిల్బరీ రేవులో దింపింది. ఓడలో ఉన్న వెయ్యిమందికి పైగా ప్రయాణికుల్లో ఎనిమిది వందల మందికి పైనే ఆ దీవుల నుంచి వస్తున్నవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున పనిచేసినవాళ్ళు వాళ్ళలో చాలామంది ఉన్నారు. రచయిత్రి ఆండ్రియా లెవీ తండ్రి వచ్చింది ఆ ఓడలోనే. 2004లో వచ్చిన ఆమె నవలని హెలెన్ ఎడ్మండ్సన్ నాటకంగా మలిచారు, రూఫస్ నోరిస్ దర్శకత్వం వహించారు. 2019లో అది మొదటిసారి స్టేజీ ఎక్కింది. లెవీ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కన్నుమూశారు.

నాటకంలో హార్టెన్స్ టీచరు చదువు చదివిన అమ్మాయి. ఇంగ్లండ్ అంటే ఆమెకి ప్రాణం. గిల్బర్ట్ బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి ఊరికి తిరిగొచ్చినవాడు. లా చదవాలని ఆశ, మళ్ళీ ఓడెక్కడానికి చేతిలో డబ్బు లేదు. ఆ డబ్బు ఆమె ఇస్తుంది. తనని పెళ్ళి చేసుకోవాలి, లండన్‌కి పిలిపించుకోవాలి, అదీ షరతు. ఈ బేరం దగ్గర మా పిల్లలు పగలబడి నవ్వారు. నవ్వనివ్వాలి. పక్కనుంచి మోచేత్తో పొడిచి ఊరుకోబెట్టే పెద్దలంటే నాకు కోపం. ఇంటర్వెల్‌కి ముందు ఆ మనుషులే నీడలుగా మారి ఓడ ఎక్కుతుంటే, ఇందాక నవ్వినవాళ్ళెవరూ కదల్లేదు.

రెండో సగంలో హార్టెన్స్ పెద్ద ట్రంకు పెట్టెతో లండన్‌లో దిగుతుంది. ఇల్లనుకుని వస్తే ఎర్ల్స్ కోర్ట్‌లో ఒకే ఒక్క గది. వంటా అందులోనే, పడకా అందులోనే. టీచరు ఉద్యోగం అడగడానికి ముస్తాబై వెళితే, నీ చదువు ఇక్కడ చెల్లదని పంపించేస్తారు. ఆ సన్నివేశంలో నా పక్కనున్న అమ్మాయి సీటు అంచుకి జరిగి కూర్చుంది. వాళ్ళమ్మ గుంటూరులో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పేవారు. ఇక్కడ ఒక స్కూల్లోనే మధ్యాహ్నం అన్నం వడ్డిస్తారు. అమ్మ స్కూల్లో పనిచేస్తుందని మాత్రమే ఆ పిల్లకి ఇన్నాళ్ళూ తెలుసు.

నాటకమయ్యాక చర్చ పెట్టడం నాకు ఇష్టం ఉండదు. రైల్లో వాళ్ళని వాళ్ళ మానాన వదిలేశాను. దిగేముందు మాత్రం, ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్క ప్రశ్న అడగమన్నాను: ఈ దేశం వచ్చిన మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు? మీకెలా అనిపించింది, ఎన్ని కష్టాలు పడ్డారు అని అడిగితే మనవాళ్ళు రెండు నీతులు చెప్పి లేచిపోతారు. ఎక్కడ పడుకున్నారంటే గది చెప్పాలి, పరుపు చెప్పాలి, పక్కన ఎవరున్నారో చెప్పాలి.

జవాబులు వచ్చాయి. ఈస్ట్‌హామ్‌లో ఒక గదిలో నలుగురు వంతులవారీగా పడుకున్న వైనం ఒకటి, హీటర్ ఎలా వెయ్యాలో తెలియక కోట్లు కప్పుకుని తెల్లవార్లూ కూర్చున్న జంట కథ ఇంకొకటి. లెక్కల టీచరుగారైతే మొదటి రాత్రి సంగతితో ఆగలేదట. తన బీఎడ్ సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ ఫోల్డర్ తీసి కూతురి ముందు పెట్టారు. ఆ అమ్మాయి అప్పుడే మొదటిసారి వాటిని చూసింది. మ్యూజికల్ అడిగిన తండ్రి, “ఇప్పుడవన్నీ ఎందుకురా” అని కొడుకు మాట దాటేశారు. అలాంటి ఇళ్ళూ ఉంటాయి.

లెవీ ఇంట్లోనూ ఇదే తంతు. అమ్మానాన్నలు జమైకా సంగతులు పెద్దగా చెప్పేవారు కాదు. ఆమె పెద్దయ్యాక తల్లిని అడిగి తెలుసుకున్నారు. ఇంట్లో చెప్పుకోని చరిత్రని బయటివాళ్ళు తేలిగ్గా చెరిపేయగలరు. 2018లో విండ్రష్ కుంభకోణం బయటపడింది. చిన్నప్పుడే అమ్మానాన్నలతో చట్టప్రకారం వచ్చి, ఇక్కడే పెరిగి ముసలివాళ్ళయినవారిని కాగితాలు చూపించమని ప్రభుత్వం వేధించింది. ఉద్యోగాలు పోయాయి, వైద్యం ఆగింది, కొందరిని దేశం నుంచే పంపేశారు. వాళ్ళు ఓడ దిగిన రోజు రాసిన ల్యాండింగ్ కార్డుల్ని హోమ్ ఆఫీసు (ఇక్కడి హోంశాఖ) అంతకుముందే, 2010లో, నాశనం చేసింది. ఈ సంగతి నేను పిల్లలకి నాటకం తర్వాతే చెప్పాను. ముందే చెప్పుంటే పాఠంలా విని వదిలేసేవాళ్ళు. గిల్బర్ట్ ఎవరో తెలిశాక విన్నారు కాబట్టి వాళ్ళకి కోపం వచ్చింది. ఆ కోపం రావాలి.

విదేశాల్లోని తెలుగు సంఘాలవారికి నా మనవి. ఉగాదికీ దీపావళికీ ఖర్చుపెట్టే డబ్బులో కొంత తీసి, మీరున్న దేశానికి మీకంటే ముందు వలస వచ్చినవాళ్ళ నాటకానికి కుర్రవాళ్ళకి టికెట్లు కొనండి. వాళ్ళు ఇంటికొచ్చి ప్రశ్న అడిగితే దాటేయకుండా జవాబు చెప్పండి.