ఏడు నిమిషాల హత్య, అయిదు నిమిషాల ఉరి

ఉరి తీసే గదిలోకి తలారి ముందుగా ఒక్కడే వస్తాడు. తాడును పైకి లాగే చక్రానికి నూనె వేసి తిప్పి చూస్తాడు. నేలలో అమర్చిన తలుపు సరిగ్గా తెరుచుకుంటోందో లేదో పరీక్షిస్తాడు. దాని కింద ఒక ప్లాస్టిక్ పళ్ళెం పెడతాడు, ప్రాణం పోయేటప్పుడు ఒంట్లోంచి జారేది నేలమీద పడకుండా. అతని మొహంలో కోపం లేదు, జాలీ లేదు. పని తెలిసినవాడి శ్రద్ధ ఉంది, అంతే. ప్రభుత్వం ఒక మనిషిని చంపడానికి ఎలా సిద్ధమవుతుందో ఇంత దగ్గరగా, ఇంత నింపాదిగా చూపించిన సినిమా నేను మరొకటి చూడలేదు.

పోలెండ్ దర్శకుడు క్షిష్టోఫ్ కీష్లోవ్‌స్కీ 1988లో తీసిన 'ఎ షార్ట్ ఫిల్మ్ అబౌట్ కిల్లింగ్' అది. బైబిల్లోని పది ఆజ్ఞల చుట్టూ అల్లిన పది టీవీ చిత్రాలు 'డెకలాగ్'. అందులో అయిదో భాగానికి ఇది పెద్ద రూపం, నిడివి 84 నిమిషాలు. రచనలో పాలుపంచుకున్న క్షిష్టోఫ్ పియెషేవిచ్ వృత్తిరీత్యా న్యాయవాది. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి, అప్పుడే మొదలైన యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం బహుమతి దీనికే దక్కాయి. కథ చాలా చిన్నది. యాట్సెక్ అనే కుర్రాడు వార్సాలో ఒక టాక్సీ డ్రైవర్‌ను చంపుతాడు. ప్యోటర్ అనే కొత్త లాయరు అతని తరఫున వాదించి ఓడిపోతాడు. ప్రభుత్వం యాట్సెక్‌ను ఉరి తీస్తుంది.

ఈ సినిమా బలం కథలో లేదు, చూసే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి కీష్లోవ్‌స్కీకి డాక్యుమెంటరీల నుంచి వచ్చింది. ఆయన చదువుకున్న వూచ్ ఫిల్మ్ స్కూల్లో కజిమేష్ కరబాష్ లాంటి గురువులు ఓపికగా గమనించడమే కళ అని నేర్పారు. కరబాష్ 1960లో తీసిన 'సండే మ్యుజీషియన్స్' చూస్తే ఆ పాఠం ఏమిటో తెలుస్తుంది. ట్రామ్ డిపో కార్మికులు కొందరు డ్యూటీ అయ్యాక కూడి వాద్యాలు సాధన చేస్తుంటారు. తప్పు వాయిస్తారు, మళ్ళీ మొదలుపెడతారు. వ్యాఖ్యానం ఉండదు. కెమెరా వాళ్ళ మొహాల మీద, చేతుల మీద నిలిచి ఉంటుంది. దేశంలో అంతా బాగుందని ప్రభుత్వం చెబుతున్న కాలంలో, ఉన్నదాన్ని ఉన్నట్టు చూపడమే పెద్ద సాహసం. 1970ల చివర ఆంజెయ్ వైదా, క్షిష్టోఫ్ జనూసీ, అగ్నియెష్కా హోలాండ్, కీష్లోవ్‌స్కీ తదితరుల కథాచిత్రాల్లోకి కూడా ఈ పట్టుదల ప్రవేశించింది. నైతిక ఆందోళన సినిమా అని ఆ ధోరణికి పేరు.

అయితే డాక్యుమెంటరీకి ఒక హద్దుందని కీష్లోవ్‌స్కీ తొందరగానే గ్రహించారు. 1980లో వార్సా రైల్వే స్టేషన్ మీద 'స్టేషన్' తీస్తుండగా పోలీసులు వచ్చి ఆయన ఫిల్మును పట్టుకుపోయారు. ఆ రాత్రే ఒక అమ్మాయి తన తల్లిని చంపి, శవాన్ని సూట్‌కేసుల్లో పెట్టి స్టేషన్ లాకర్లలో దాచిందట. ఆమె కెమెరాకు చిక్కలేదు. కానీ చిక్కి ఉంటే తాను ఇష్టం లేకుండానే పోలీసు సాక్షి అయ్యేవాణ్ణన్న ఆలోచన ఆయన్ని వదల్లేదు. నిజమైన మనుషుల కన్నీళ్ళను తీసే హక్కు తనకుందా అని కూడా ఆయన పదేపదే ప్రశ్నించుకున్నారు. చివరికి నటులవైపు తిరిగారు. గమనించే ఓపికను మాత్రం వెంట తెచ్చుకున్నారు.

హత్య దృశ్యంలో ఆ ఓపిక ఎంత కఠినమైనదో అర్థమవుతుంది. మామూలు సినిమాల్లో మనిషి ఒక దెబ్బకు, ఒక తూటాకు పోతాడు. ఇక్కడ డ్రైవర్ చావడానికి సుమారు ఏడు నిమిషాలు పడుతుంది. యాట్సెక్ వెనక సీటులోంచి మెడకు తాడు బిగిస్తాడు. డ్రైవర్ పెనుగులాడతాడు, చెప్పు ఊడి పాదం తన్నుకుంటుంది, చెయ్యి హారన్ మీద పడి అది మోగుతూనే ఉంటుంది. కట్టమీద సైకిల్ తొక్కుకుంటూ ఒకతను, ఆ వెనక ఒక రైలు తమ దారిన పోతాయి. చనిపోయాడనుకుని నది ఒడ్డుకు ఈడ్చుకెళితే మూలుగు వినిపిస్తుంది. అప్పుడు మొహం మీద దుప్పటి కప్పి బండరాయి ఎత్తుతాడు. ప్రేక్షకుడికి ఉత్కంఠ కలగదు, ఇది త్వరగా అయిపోతే బాగుండునన్న అవమానకరమైన కోరిక కలుగుతుంది. ప్రాణం ఎంత గట్టిదో, దాన్ని తీయడం ఎంత మోటు పనో శరీరానికి తెలిసొస్తుంది.

రంగులది మరో పాత్ర. ఛాయాగ్రాహకుడు స్వావొమీర్ ఇజ్యాక్ ఈ కథ చదివి అసహ్యించుకున్నారు, ఆకుపచ్చ ఫిల్టర్లతో తీయనిస్తేనే ఒప్పుకుంటానన్నారు. అందుకోసం ఫిల్టర్లు ప్రత్యేకంగా తయారుచేసుకున్నారు. తెర అంచులు మసకబారి, చూడాల్సిన మొహం, చెయ్యి మాత్రం వెలుగులో మిగులుతాయి. ఆకాశం పాచి పట్టిన పసుపులా, వార్సా వీధులు మురికినీటిలో నానినట్టు కనిపిస్తాయి. పచ్చదనం అంటే ప్రాణం అని మనకు అలవాటు, ఇక్కడ అదే రంగు ఊపిరాడనివ్వదు. ఇదే ఇజ్యాక్ తర్వాత 'త్రీ కలర్స్: బ్లూ'కు, హాలీవుడ్ 'బ్లాక్ హాక్ డౌన్'కు పనిచేశారు.

వదిలేసిన వాటిలోనూ అంతే నైపుణ్యం ఉంది. కోర్టు విచారణ దాదాపు లేదు. హత్య తర్వాత కొద్దిసేపటికే తీర్పు ముగింపు దగ్గరుంటాం. ప్యోటర్ గొప్పగా వాదించాడని న్యాయమూర్తి మాటల్లో వింటాం తప్ప ఆ వాదన మనకు వినిపించదు. వినిపించి ఉంటే మనం చప్పట్లు కొట్టి తేలికపడేవాళ్ళం. యాట్సెక్ ఎందుకు చంపాడన్నదానికీ జవాబు దొరకదు. ఉరికి ముందు అతను లాయరుకు తన చెల్లెలి గురించి చెబుతాడు: తాను స్నేహితుడితో కలిసి తాగిన రోజున, ఆ స్నేహితుడు నడిపిన ట్రాక్టర్ కింద పడి ఆమె చనిపోయింది. ఆమె ఫొటో పెద్దది చేయించడానికి ఇచ్చింది హత్య చేసిన రోజునే. ఇది జాలి పుట్టిస్తుంది, నేరాన్ని కడగదు. చనిపోయిన డ్రైవర్ కూడా దేవుడేం కాదు. టాక్సీ కోసం ఎదురుచూస్తున్న వాళ్ళను వదిలేసి పోతాడు, కూరలమ్మే అమ్మాయిని అదోలా చూస్తాడు, తన తిండిలో కొంత వీధికుక్కకు పెడతాడు. మంచివాడు కాబట్టి చంపకూడదు, చెడ్డవాడు కాబట్టి చంపొచ్చు అనే లెక్కను ఈ సినిమా ఇద్దరి విషయంలోనూ ఒప్పుకోదు.

ఆఖరి ఘట్టం సుమారు అయిదు నిమిషాలు. ఉత్తర్వు చదువుతారు, సిగరెట్ ఇస్తారు, ఫాదర్ ఉంటాడు. అంతా పద్ధతి ప్రకారమే. ఇంతలో యాట్సెక్ విదిలించుకుంటాడు, వార్డర్లు మీదపడతారు, కేకలు, తొక్కిసలాట. టాక్సీలో చూసిన మోటుతనమే ఇక్కడ యూనిఫాంలో కనిపిస్తుంది. ఇదంతా తన పేరుమీద, తాను సభ్యుడైన సమాజం పేరుమీద జరుగుతోందనే ఈ సినిమా తీశానని కీష్లోవ్‌స్కీ తర్వాత చెప్పారు.

పోలెండ్‌లో చివరి ఉరి అదే 1988 ఏప్రిల్‌లో క్రాకోవ్‌లో జరిగింది. 1997 నాటి కొత్త శిక్షాస్మృతి మరణశిక్షను తొలగించింది. ఆ మార్పుకు కారణాలు అనేకం, ఘనతంతా ఒక సినిమాకు కట్టబెట్టడం సరికాదు. కానీ జనం తలుపు బయట నిలబడి మాట్లాడుకునే విషయాన్ని ఇది తలుపు తీసి చూపించింది.

ఆ చర్చ మనదీ. 1975 డిసెంబర్ 1న, ఎమర్జెన్సీ రోజుల్లో, నక్సలైట్ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. ఆ ఉరిని ఆపడానికి పోరాడిన న్యాయవాదుల్లో కె.జి. కన్నబిరాన్ ఒకరు. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షను అత్యంత అరుదైన కేసులకే పరిమితం చేసింది, రద్దు చేయలేదు. ఘోరమైన నేరం జరిగిన ప్రతిసారీ మన వీధుల్లో ఉరి తీయాలన్న నినాదం లేస్తుంది. ఆ కోపం వెనక నిజమైన బాధ ఉంటుంది, దాన్ని తీసిపారేయలేం.

అందుకే ఈ సినిమాను రెండు పక్షాలవాళ్ళూ చూడాలంటాను. మరణశిక్ష వద్దనేవాళ్ళు హత్య జరిగే ఏడు నిమిషాలు కళ్ళు తిప్పుకోకుండా చూడాలి, తాము ఎలాంటి నేరం గురించి మాట్లాడుతున్నారో తెలియడానికి. కావాలనేవాళ్ళు చివరి అయిదు నిమిషాలు అలాగే చూడాలి, తాము ఏం చేయమని అడుగుతున్నారో తెలియడానికి. రెండూ చూశాక కూడా ఎవరి అభిప్రాయం వారికి ఉండొచ్చు. చూడకుండా ఏర్పరచుకున్న అభిప్రాయానికి మాత్రం ఒక మనిషి ప్రాణం తీసేంత బరువు ఉండకూడదు.