బాంబు పడ్డాక వంటింట్లో ఏముంది?

అణుబాంబులు పడి, యుద్ధం ముగిశాక మనుషులెలా బతుకుతారు? ఈ ప్రశ్నని తెలుగువాళ్ళకి తెరమీద వేసి చూపించిన ఘనత సింగీతం శ్రీనివాసరావు గారిది. 1991లో వచ్చిన "ఆదిత్య 369" చూడనివాళ్ళు మనలో తక్కువే. కాలయంత్రం ఎక్కినవాళ్ళు ముందు 1526కి, కృష్ణదేవరాయల విజయనగరానికి పోతారు. అక్కణ్ణించి ఒక్క ఊపున 2504కి. అప్పటికి మూడో ప్రపంచయుద్ధం అయిపోయింది. రేడియేషన్ వల్ల నేలమీద బతికే వీల్లేక జనం భూగర్భంలో కాపురాలు పెట్టారు. మాటలు రాసింది మన నరసాపురం జంధ్యాల గారు కనక, ఈ సినిమాలో గోదావరి వాటా కూడా కొంత ఉందని మా వైపు వాళ్ళం గొప్పగా చెప్పుకుంటాం.

నిజం చెప్పొద్దూ, ఆ సినిమా అంటే నాకు చాలా ఇష్టం. ఇష్టం కనకనే దాంతో ఓ పేచీ ఉంది. విజయనగరం ఘట్టం చూడండి. సభ, కవులు, తెనాలి రామకృష్ణుడు, రాజనర్తకి, కోపతాపాలు, ఈర్ష్యలు. ఆ ఊళ్ళో నిజంగా మనుషులు బతుకుతున్నారనిపిస్తుంది. 2504కి వచ్చేసరికి గోడలు, దీపాలు, యంత్రాలు, వింత దుస్తులు. కాపురాలున్నాయన్న మాటే గాని కాపురం కనిపించదు. ఎండ తగలని చోట వరి ఎలా పండింది, పసిపిల్లలకి పాలెక్కణ్ణించి వచ్చాయి అన్న ప్రశ్న దగ్గర కథ ఆగదు. గతానికైతే కావ్యాలున్నాయి, శాసనాలున్నాయి, పరదేశి యాత్రికుల రాతలున్నాయి. చూసి అల్లుకోవచ్చు. రాబోయే కాలానికి అలా ఆధారమేమీ లేదనుకున్నారు కాబోలు. ఎందుకు లేదూ?

అసలు అయిదువందల ఏళ్ళు ఒక్క గెంతు గెంతడంలోనే రచయితకి సుఖం ఉంది. యుద్ధమైన రెండో ఏడు, మూడో ఏడు మనుషులేం చేశారో చెప్పనక్కర్లేదు. కష్టమంతా అక్కడే ఉంది మరి. నెవిల్ షూట్ 1957లో రాసిన "ఆన్ ది బీచ్" నవల అలా గెంతలేదు. ఉత్తరార్ధగోళమంతా యుద్ధంలో పోయింది. ఆ విషపుగాలి ఆస్ట్రేలియా చేరడానికి కొద్ది నెలలు పడుతుంది. మెల్‌బోర్న్ దగ్గర ఒక ఇల్లాలు మాత్రం వచ్చే ఏడాదికి తోటలో ఏ మొక్కలు వెయ్యాలా అని లెక్కలు వేసుకుంటూ ఉంటుంది. ఆ ఒక్క తోట చాలదూ, చదివేవాళ్ళ గుండె పట్టెయ్యడానికి?

ఇంతకంటే నాకు నచ్చింది జపాన్ నవల. మసుజి ఇబుసె రాసిన "నల్ల వాన". 1965, 66లలో పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఇది ఊహించి రాసిన భవిష్యత్తు కాదు, హిరోషిమాలో జరిగిన సంగతే. కాని ఊహించి రాసేవాళ్ళంతా ముందుగా చదవాల్సింది ఇదే అంటాను. కథ ఎక్కడ మొదలవుతుందో తెలుసా? పెళ్ళిసంబంధం దగ్గర! బాంబు పడి నాలుగైదేళ్ళయింది. షిగెమత్సు అనే ఆయన మేనకోడలు యసుకోకి సంబంధాలు వస్తున్నాయి, వెనక్కి పోతున్నాయి. ఆ రోజు ఆ పిల్ల ఊళ్ళోనే ఉందట, జబ్బు పట్టుకుందట అని పుకారు. పిల్లకి ఏ రోగమూ లేదని రుజువు చెయ్యడానికి ఆయన ఆమె డైరీ ఎత్తి రాస్తూ కూర్చుంటాడు. నల్ల వానలో తడిసిన సంగతి ఉంచాలా, తీసెయ్యాలా అని మథన పడతాడు. పిల్ల జాతకంలో దోషం దాచాలా చెప్పాలా అని మన ఇళ్ళల్లో జరిగే గుసగుసలు గుర్తుకు రావడం లేదూ? ఆయన భార్య షిగెకో చేత కూడా ఒక వ్యాసం రాయిస్తాడు. విషయం, యుద్ధకాలంలో హిరోషిమాలో తిన్న తిండి. రేషను ఎంత వచ్చేది, అది చాలక ఏ ఆకులు ఏరి తెచ్చి వండేవారు, అన్నీ ఒక ఇల్లాలి లెక్క ప్రకారం. మంటలూ శవాలూ రాసిన పేజీల కంటే నన్ను ఎక్కువగా వెంటాడినది ఆ వంటల పద్దే.

అయితే మన కథకి ఇంకో చిక్కుంది. మనవాళ్ళు రాస్తే గీస్తే ప్రపంచయుద్ధమే రాస్తారు. రెండు దేశాల మధ్య యుద్ధం, బాంబులన్నీ దూరంగా ఎక్కడో పడ్డాయి, అలాంటిది రాయరు. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఆ నాలుగు రోజులు నడిచినప్పుడు, విశాఖలో సైరన్ల రిహార్సల్ చేసినప్పుడు కూడా, "సరిహద్దెక్కడ, మనమెక్కడ" అన్న మాటే చాలా ఇళ్ళల్లో వినిపించింది. కథకులూ అదే ధైర్యంతో ఉన్నట్టున్నారు.

శాస్త్రజ్ఞులకి ఆ ధైర్యం లేదు. 2007లో అమెరికాలో అలన్ రోబాక్, బ్రయాన్ టూన్ మొదలైనవాళ్ళు ఒక లెక్క కట్టారు. భారత్, పాకిస్తాన్ చెరో యాభై హిరోషిమా పాటి బాంబులు నగరాల మీద వేసుకుంటే, ఆ మంటల్లోంచి సుమారు 50 లక్షల టన్నుల మసి పైకి లేస్తుంది. వానమబ్బులు దాటి పైకి పోతుంది కనక, కడిగే వాన ఉండదు. ఏళ్ళ తరబడి ఎండకి అడ్డుపడుతుంది. ప్రపంచం మొత్తం మీద సగటున 1.25 డిగ్రీల వేడి తగ్గుతుంది. ఋతుపవనాలు బలహీనపడతాయి. చైనాలో వరి మొదటి నాలుగేళ్ళు సగటున 21 శాతం తగ్గుతుందని తర్వాత మరో లెక్క వచ్చింది. ఇంకా పెద్ద యుద్ధమైతే ప్రపంచంలో 200 కోట్ల మందికి పైగా ఆకలితో పోవచ్చని 2022లో తేల్చారు. బాంబు తగిలి కాదు సుమండీ, ఆకలితో.

ఒకటిన్నర డిగ్రీ కూడా లేదు, ఆ మాత్రానికే అంత గొడవా అనకండి. అది సగటు. వరి పొట్ట మీదున్నప్పుడు రాత్రుళ్ళు చలి ముదిరితే కంకి వస్తుంది, గింజ పాలు పోసుకోదు. తాలే మిగులుతుంది. పుష్యమాసపు చలికి దాళ్వా నారు ఎదక్కుండా మొండికేస్తే మా రైతులు పడే అవస్థ చూసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ దాళ్వాకి నీళ్ళు సీలేరు నుంచి ఎన్ని వదుల్తారా అని ఏటేటా లెక్కలే. పైన వానలు లేకపోతే సీలేరు మాత్రం ఏం చేస్తుంది?

అంటే గోదావరి జిల్లాల మీద ఒక్క బాంబు పడక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట చెక్కుచెదరకుండా ఉంటుంది, కాలవలూ ఉంటాయి. శ్రావణంలో ఎర్రనీరు మాత్రం రాదు. ఎర్రనీరు రాకపోతే పులస రాదు. అది పోనీండి, దానికోసం పుస్తెలమ్మే వాళ్ళే ఏడుస్తారు. సార్వా సగం తాలు పోతే? హైదరాబాదు నించి పెట్టెలతో దిగిన చుట్టాలని మొదటి వారం మర్యాద చేస్తాం. రెండో నెల నించి సోలతో కొలిచి ఎసట్లో పోస్తాం. కాసు బంగారానికి ఎన్ని బస్తాల ధాన్యం? ఆ ఇంట్లో అందరికంటే ఆఖర్న తినేదెవరు? ఆవిడ కంచంలో ఎంత మిగిలింది? ఈ ప్రశ్నలకి జవాబు చెప్పగలిగితే లోకం దానంతటదే నిలబడుతుంది. లేకపోతే ఎన్ని సొరంగాలు తవ్వినా అది సెట్టింగే.

ఇదంతా ఊహే అంటారేమో. 1832-33 నందన కరువుని పెద్దవాళ్ళు డొక్కల కరువన్నారు. పక్కన గోదావరి పారుతూనే ఉంది. 1821లో ఈ జిల్లాలో 7 లక్షల 38 వేల పై చిలుకు జనం ఉంటే, చావులూ వలసలూ కలిసి 1841 నాటికి 5 లక్షల 61 వేలయ్యారు. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలెట్టి 1852లో పూర్తి చేసేదాకా ఈ నేల అన్నపూర్ణ కాదు. ఆధారం లేదనే రచయితలు ఒకసారి ఆ ఇరవయ్యేళ్ళు చదువుకోవచ్చు.

2024లో వచ్చిన "కల్కి 2898 ఏ.డి." కొంత దారిలో పడింది. అక్కడి నాశనానికి బాంబు కారణం కాదనుకోండి. కాని కాశీలో గంగ ఎండిపోయింది, పచ్చదనమంతా కాంప్లెక్స్ అనే కోటలో చేరింది, అందులోకి పోవడానికి జనం యూనిట్లు కూడబెట్టుకుంటారు. కొరత అనేదానికి ధర కట్టారు. అంతవరకు మెచ్చుకోవాలి. ఆ తర్వాత యుద్ధాలు మొదలై, ఆ కొరత సంగతి అందరూ మర్చిపోయారు.

గోదావరి గడ్డ మీద పుట్టిన రచయితలకీ రచయిత్రులకీ కొదవ లేదు. ఎవరైనా పూనుకుని ఆ మూడో ఏడు రాస్తే నేను మొదటి కాపీ కొంటాను. షిగెకో రాసినట్టు ఒక వంటల పద్దు అందులో ఉండాలి. ఇంకొక్క మాట. దయచేసి ఖరీఫ్, రబీ అని రాయకండి. సార్వా, దాళ్వా అనే రాయండి.