రెండు సీసాలు, ఒక గాజుపుల్ల

చార్మినార్ దగ్గరి అత్తరు కొట్టులో పెద్దాయన నా ముందు రెండు సీసాలు పెట్టారు. ఒకటి వెనిలా, ఇంకొకటి కాల్చిన చక్కెర. రెండూ తియ్యనివే. ఏది కొనాలో తేలక మార్చి మార్చి వాసన చూస్తున్నా.

ఆయన గాజుపుల్ల ముంచి ఎడమ మణికట్టు మీద వెనిలా, కుడి మణికట్టు మీద కాల్చిన చక్కెర గీశారు. అలవాటుకొద్దీ రెండు చేతులూ రుద్దబోయాను. "రుద్దకమ్మా, కలిసిపోతయ్. పోయి చాయ్ తాగి రా" అన్నారు. చేతికి చిక్కిన గిరాకీని బయటికి పంపిన వ్యాపారిని నేనెక్కడా చూడలేదు.

కాల్చిన చక్కెర వాసనకు సాధారణంగా వాడేది ఇథైల్ మాల్టాల్ అనే రసాయనం. 1992లో వచ్చిన ఏంజెల్ పెర్ఫ్యూమ్ దాన్ని ప్యాచూలీ ఆకు మట్టివాసనతో ముడేసి, మిఠాయి పరిమళాల మోజుకు తెర తీసింది. ఆ మట్టివాసన తోడు లేకుంటే మిగిలేది వట్టి పీచుమిఠాయే. పెద్దాయన ఇవేవీ చెప్పలేదు. చక్కెర సీసా చూపి, "ఇది ముందు గుప్పుమంటది, అది తర్వాత తేలుతది" అన్నారంతే.

అత్తరులో ఆల్కహాల్ ఉండదు, నూనె ఒంటి వేడికి మెల్లగా విప్పుకుంటుంది. చాయ్ అయ్యేసరికి కుడిచేయి బూందీ పాకంలా మొహం మొత్తింది. ఎడమచేయి మాత్రం కోవా కట్టిన కాగితంలా సన్నగా, పాలతీపిగా ఉంది. కొట్టుకు తిరిగొచ్చి ఎడమచేయి చాపాను.

తోలా ఇమ్మంటే ఒప్పుకోలేదు. "మూడు మిల్లీలీటర్లు చాలు. ముందు వాడి చూడు." పుల్ల తుడిచిన దూదిని నా సంచిలో పడేశారు. వారమైంది, సంచి ఇంకా ఘుమఘుమలాడుతూనే ఉంది.