మైలేజీ ఎంత అని అడిగితే

డల్లాస్ పక్కన రిచర్డ్‌సన్‌లో ఒక ఇంటి ముందు, శనివారం పొద్దున. కరీంనగర్ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చి నాలుగు నెలలైన కుర్రాడు బూడిదరంగు కరోలా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. 2014 మోడల్. అమ్మేది రిటైరైన టీచరమ్మ. కుర్రాడు వచ్చిన ఇంగ్లిషులో మర్యాదగా మొదటి ప్రశ్న వేశాడు. మైలేజీ ఎంత? ఆమె తడుముకోకుండా ‘వన్ ఓ ఫోర్’ అంది.

కుర్రాడు తోడొచ్చిన సీనియర్ వైపు తిరిగాడు. “అన్నా, నూట నాలుగు ఇస్తదంటుంది, గదెట్ల?”

“ఇచ్చేది కాదు తమ్ముడూ, తిరిగింది. లక్షా నాలుగు వేల మైళ్లు.”

తెలుగునాట మైలేజీ అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని. అమెరికాలో అదే మాటకు కారు ఇప్పటిదాకా ఎంత తిరిగింది అని అర్థం. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటి ఏళ్లయింది కాబట్టి మన ప్రశ్న మనకు న్యాయమే. పాత కారు కొనేవాడికి వాళ్ల ప్రశ్న కూడా న్యాయమే. అయినా గుంటూరు నుంచి వచ్చి ఆరేళ్లుగా అక్కడే ఉంటూ జూనియర్లకు కార్లు చూసిపెడుతున్న ఆ సీనియర్ రెండింటినీ పక్కనపెట్టి ఆమెను వేరే మాట అడిగాడు: “ఆయిల్ మార్పించిన రసీదులున్నాయా?”

కారు చూసిపెట్టడం ఒక విద్య. ఊళ్లో ఎడ్లు కొనేటప్పుడు పళ్లు చూసి వయసు చెప్పే పెద్దమనిషి ఒకడు తోడు ఉండేవాడు. డల్లాస్, హ్యూస్టన్, అట్లాంటా లాంటి చోట్ల తెలుగు పిల్లలకు ఇప్పుడు అలాంటి మనిషి అవసరం ఉంది. ఆ ఊళ్లలో కారు లేకపోతే కూరగాయలు తెచ్చుకోవడం కూడా కష్టం. వేసవిలో నలభై డిగ్రీల ఎండలో బస్టాపు దాకా నడిచిన వాళ్లకు అది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తొందరలోనే తప్పులు జరుగుతాయి.

ఈ కుర్రాడి రూమ్మేట్ కిందటేడు అలాగే తొందరపడ్డాడు. వాట్సాప్ గ్రూపులో ఫొటో చూసి, నాలుగున్నర వేల డాలర్లకు తళతళలాడే సెడాన్ కొన్నాడు. మైలేజీ కూడా మన అర్థంలో బ్రహ్మాండంగా ఇచ్చింది, రెండు నెలలు. మూడో నెలలో హైవే మీద యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరిచింది తప్ప కారు కదలలేదు. గేర్‌బాక్సు పోయింది. మార్చడానికి మెకానిక్ చెప్పింది నాలుగు వేల డాలర్లు. అమ్మినవాడికి ఫోన్ చేద్దామని కాగితాలు తీస్తే టైటిల్, అంటే యాజమాన్య పత్రం, మీద ఉన్నది వేరే ఎవరి పేరో.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. గ్యాలన్ అంటే 3.785 లీటర్లు, మైలంటే 1.609 కిలోమీటర్లు. గ్యాలన్‌కు ఇన్ని మైళ్లు అని చెప్పిన అంకెను 0.425తో గుణిస్తే మనకు తెలిసిన లీటరు లెక్క వస్తుంది. కరోలా 32 ఇస్తుందంటే లీటరుకు 13.6 కిలోమీటర్లన్నమాట. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే మనిషి 25 ఇచ్చే కారు బదులు 32 ఇచ్చేది కొంటే 480 గ్యాలన్లకు బదులు 375 సరిపోతాయి. గ్యాలన్ మూడు డాలర్లనుకుంటే ఏడాదికి మిగిలేది 315 డాలర్లు. రూమ్మేట్ గేర్‌బాక్సు ఖర్చు అలాంటి పన్నెండేళ్ల ఆదాను ఒక్క రోజులో తినేసింది.

ఇంధనం ఆదా అక్కర్లేదని కాదు. 20 నుంచి 25కి మారితే అదే దూరానికి 120 గ్యాలన్లు మిగులుతాయి, 40 నుంచి 50కి మారితే 60 మాత్రమే. కాబట్టి పాతికలోపు ఇచ్చే పెద్ద ఎస్‌యూవీ మీది మోజు వదులుకుంటేనే అసలైన ఆదా కనిపిస్తుంది. 2010 నుంచి 2015 దాకా వచ్చిన ప్రియస్ హైబ్రిడ్ 50 దాకా ఇస్తుంది. కరోలా కంటే ఏడాదికి ఇంకో 400 డాలర్లు మిగులుతాయి. కానీ వయసుమీరిన ఆ కారుకు పెద్ద బ్యాటరీ మార్చాల్సి వస్తే ఖర్చు వేలల్లో ఉంటుంది. బ్యాటరీని పరీక్ష చేయించకుండా ప్రియస్ కొనడం సాహసమే.

పేరున్న కంపెనీదే కదా అని కళ్లు మూసుకోవడానికీ లేదు. 2012 నుంచి 2016 దాకా వచ్చిన ఫోర్డ్ ఫోకస్‌లలోని డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు మీద అమెరికా కోర్టుల్లో పెద్ద దావాయే నడిచింది. 2016 నుంచి కొన్నేళ్లు వచ్చిన సివిక్‌లలో ఏసీ కండెన్సర్ లీకయ్యే ఫిర్యాదులు ఎక్కువై, హోండా ఆ భాగానికి వారంటీని పదేళ్లకు పెంచింది. టెక్సస్‌లో ఏసీ లేని కారు వేసవిలో కదిలే పొయ్యి. విడివిడి గేర్లుండని సీవీటీ గేర్‌బాక్సు అనగానే భయపడేవాళ్లున్నారు గానీ అన్నీ ఒకటి కావు. టీచరమ్మ కరోలాలో ఉన్నదీ సీవీటీయే. దాని ఫ్లూయిడ్ వేళకు మార్చారా లేదా అన్నదే చూడాలి.

సీనియర్ ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. చల్లగా ఉంది. మనం వెళ్లేసరికే ఇంజిన్ వేడి చేసిపెట్టి ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే వచ్చే చప్పుడో పొగో దాస్తున్నారని అనుమానించాలి. తర్వాత టైరు దగ్గర గొంతుకూర్చున్నాడు. పక్కన అచ్చొత్తిన అక్షరాల చివర నాలుగు అంకెలు: 2319. అంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైంది. అరగకపోయినా ముసలిది. నాలుగూ మార్చాలంటే నాలుగైదు వందల డాలర్లు. అది ధర మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఆపైన డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగాడు. కుర్రాడికి అర్థం కాలేదు. వరదలో మునిగిన కారును లోపలంతా కడిగి, సెంటు కొట్టి అమ్మేస్తారు. బెల్టు చుట్టలో లోపలికంటా పోయిన బురద మరకను మాత్రం ఎవరూ కడగరు. 2017 ఆగస్టులో హార్వీ తుపానుకు హ్యూస్టన్ చుట్టుపక్కల లక్షల కార్లు మునిగాయి. వాటిలో కొన్ని కాగితాలు మార్చుకుని వేరే రాష్ట్రాలకు చేరతాయన్న భయం అప్పటినుంచీ ఉంది. ఈ బెల్టు శుభ్రంగానే ఉంది.

స్టీరింగు కింద ఒక చిన్న సాకెట్ ఉంటుంది. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులో దాన్ని పెట్టితీరాలి. ఇరవై డాలర్ల కోడ్ రీడరు అందులో గుచ్చితే కారు తన జబ్బులు తనే చెబుతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు కదా అని ఊరుకోకూడదు. అమ్మే ముందురోజు కోడ్లు చెరిపేస్తే లైటు ఆరిపోతుంది. అయితే చెరిపాక కారు లోపలి పరీక్షలన్నీ మళ్లీ పూర్తి కావాలంటే కొన్ని రోజులు తిరగాలి. అందాకా రీడరులో ‘నాట్ రెడీ’ అని వస్తూనే ఉంటుంది. దొంగ దొరికేది అక్కడే. టెక్సస్‌లో సొంత కార్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. డల్లాస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. ఇలాంటి ‘నాట్ రెడీ’లు ఒకటికి మించి ఉంటే అందులో పాస్ చెయ్యరు.

టీచరమ్మ గ్లవ్‌బాక్సులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. పదేళ్ల రసీదులు, తేదీల వరుసలో. ఐదారు వేల మైళ్లకోసారి ఆయిల్. అరవై వేల దగ్గర గేర్‌బాక్సు ఫ్లూయిడ్. రెండుసార్లు బ్యాటరీ. సీనియర్ వాటిని ఒక్కొక్కటే తిప్పుతూ మైళ్ల అంకెలు పెరుగుతున్న తీరు చూశాడు. మీటరు వెనక్కి తిప్పిన కారులో ఈ వరుస ఎక్కడో తప్పుతుంది.

అమెరికన్లు చెడ్డ పాత కారును లెమన్ అంటారు. మనం కొత్త బండి చక్రాల కింద పెట్టి తొక్కించే నిమ్మకాయ పేరే. 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త ఈ లెమన్ల బజారు మీద ఒక వ్యాసం రాశారు, 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన చెప్పిందిది: కారు గుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. అందుకని కొనేవాడు అన్నిటికీ ఒకే మధ్యరకం ధర ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు. చివరికి బజారులో చెడ్డవే మిగులుతాయి. టీచరమ్మ రసీదుల కవరు ఆ గుట్టును కొనేవాడి చేతిలో పెట్టింది. అలాంటి కవరున్న కారుకు రెండు మూడు వందలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

అయినా సీనియర్ అంతటితో వదల్లేదు. కారు గుర్తింపు సంఖ్య విన్‌తో రెండు పనులు చేయించాడు. పదిహేడు అక్షరాల, అంకెల ఆ నంబరును రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో కొడితే, లోపముందని కంపెనీ వెనక్కి పిలిచినా బాగుచేయించని రీకాల్స్ ఉంటే ఉచితంగా తెలుస్తాయి. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు పేలి లోహపు ముక్కలు ఎగిరి జనం చనిపోయిన చరిత్ర ఉంది కనుక దీన్ని ఎవరూ దాటెయ్యకూడదు. ఆ రిపేరు డీలరు డబ్బు తీసుకోకుండా చేస్తాడు. రెండోది, డబ్బు కట్టకముందే అదే నంబరుతో ఇన్స్యూరెన్స్ ధర అడగడం. దొంగలు సులువుగా ఎత్తుకుపోతున్నారని కొన్ని హ్యుందాయ్, కియా మోడళ్లకు కొన్ని నగరాల్లో కొన్ని కంపెనీలు కొత్త పాలసీలే ఆపేశాయి. కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లలకు ప్రీమియం ఎలాగూ ఎక్కువే.

కారు పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు మంచిదే గానీ, ఎక్కడా నమోదుకాని ప్రమాదం అందులో ఉండదు. అందుకే చివరికి మెకానిక్. అతను 150 డాలర్లు తీసుకుని కారును లిఫ్టు ఎక్కించాడు. వెనక బ్రేకులు అరిగాయన్నాడు. వాటర్ పంపు కింద ఎండిపోయిన గులాబీరంగు మరక చూపించాడు. కూలెంట్ కారుతోందని అర్థం. టైర్లు, బ్రేకులు, పంపు కలిపి మాట్లాడితే టీచరమ్మ 700 తగ్గించింది. సోమవారం ఇద్దరూ కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు కలిసే వెళ్లారు. టైటిల్ మీది పేరూ, ఆమె లైసెన్సు మీది పేరూ ఒకటేనని చూసుకున్నాకే కుర్రాడు చెక్కు ఇచ్చాడు. 6.25 శాతం పన్ను అక్కడే కట్టాడు.

ఆగస్టు సెమిస్టరుకు పిల్లల్ని పంపిస్తున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. వాళ్లు కారు కొంటున్నామని ఫోన్ చేసినప్పుడు మైలేజీ ఎంతిస్తుందని తర్వాత అడుగుదురుగాని. రసీదులు చూశావా, మెకానిక్‌కు చూపించావా అని ముందు అడగండి. ఆ 150 డాలర్లు లేవంటే మీరే పంపండి.