గాలం పుస్తకాలు

ఈ వారం ఓ వీడియో చూసి మనసు చివుక్కుమంది. ఒక కుర్రాడు చేపను పట్టి, నోట్లోంచి కొక్కెం లాగి, చేతుల్లో ఎత్తుకుని ఫొటోలు దిగి, తిరిగి నీళ్లలో వదిలేశాడు. తిననప్పుడు పట్టడమెందుకు? గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలో మా మావయ్య వానపాముని గుచ్చి గాలం వేస్తే, బెండు మునిగేదాకా దాని మీద నుంచి చూపు తిప్పేవాడు కాదు. "కూరకి చాలినంతే పట్టాలిరా" అనేవాడు. నాకు తెలిసిన న్యాయం అదే.

  

అయినా సరదాకి గాలం వేసేవాళ్లని తిట్టబోయినప్పుడల్లా నాకు కావేరి అడ్డొస్తుంది. కర్ణాటకలో భీమేశ్వరి, గాలిబోరె శిబిరాల దగ్గర రాగిముద్దని కొక్కేనికి పట్టించి మహసీర్ చేపల్ని పట్టేవాళ్లు, తూచి వదిలేసేవాళ్లు. ఆ నదిలో మూపురం ఉన్న మహసీర్ ఒకటుంది. 1946లో కావేరి ఉపనది కబినిలో వాన్ ఇంగెన్ అనే మైసూరు ఆయన పట్టింది 120 పౌన్లు తూగింది, అంటే 54 కిలోలు! దొంగచాటుగా చేపలు పట్టినవాళ్లు కొందరు తర్వాత ఆ శిబిరాల్లోనే పనికి కుదిరి నదికి కాపలా కాశారు.

గాలిబోరెలో 1998 నుంచి 2012 దాకా పడిన చేపల లెక్క రాసిపెట్టారు. తర్వాత ఆ శిబిరాలున్న అభయారణ్యంలో గాలాలు ఆగిపోయాయి. శాస్త్రవేత్తలు ఆ లెక్కలు విప్పి, 2015లో బయటపెట్టిన సంగతి గుండె బరువెక్కించేది. మూపురం చేపలు తగ్గుతూ వచ్చాయి, పడినవేమో సగటున ఇంకా ఇంకా పెద్దవి. అంటే పిల్లచేపలు ఎదిగి రావడం లేదు, ముసలివే మిగిలాయి. మేలు చేద్దామని హేచరీలో పెంచి వదిలిన నీలిరెక్కల మహసీర్ సంఖ్య మాత్రం బాగా పెరిగింది. మూపురం చేప అసలు ఏ జాతిదో 2018లో గానీ తేలలేదు. టోర్ రెమాదేవి అన్నారు. అదే ఏడాది అది అంతరించే అంచున ఉన్న జాతుల జాబితాకెక్కింది.

ఆ ఆట నాకిప్పటికీ నచ్చదు. కానీ ఆ చేప కరిగిపోతోందని ఏటేటి లెక్కతో చూపించింది గాలం వేసినవాళ్ల లెక్కల పుస్తకాలే.

అందుకే గోదావరి గట్టున గాలం వేసే తమ్ముళ్లకి ఒక మాట. తిన్నా, వదిలేసినా, పడిన ప్రతి చేప పేరు, పొడవు, తేదీ, రేవు ఓ నోటుపుస్తకంలో రాయండి. గుడ్లతో ఉన్నదాన్ని మాత్రం దయచేసి నీళ్లలోకి వదిలేయండి.