బాలింత కాళ్లకు నూనె పట్టే చేయి

తొమ్మిదో నెల వచ్చేసరికి మెట్టెలు వేళ్లకు బిగుసుకుంటాయి. సాయంత్రానికి చెప్పులు పట్టవు. చీలమండ పైన వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండిపోతుంది. గర్భిణి ఒంట్లోని హార్మోన్లు ఉప్పునూ నీటినీ నిలవ చేయిస్తాయి. నెలలు నిండేనాటికి బిడ్డ, ఉమ్మనీరు, పెరిగిన రక్తం అన్నీ కలిపి అదనంగా చేరే నీరు 6 నుంచి 8 లీటర్ల దాకా ఉంటుంది. కాన్పు కాగానే ఆ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. మిగిలిన నీరు చెమటగా, మూత్రంగా పోవాలి. అయితే కండల మధ్య, చర్మం కింద చేరిన నీరు ముందు రక్తంలోకి తిరిగి రావాలి. ఆ తిరుగు ప్రయాణంలో పెద్ద భారం మోసేది లింఫు నాళాలు.

రక్తాన్ని తోయడానికి గుండె ఉంది. ఈ నాళాల్లో పారే ద్రవమైన లింఫుకు అలాంటి పంపు లేదు. నాళాలు వాటంతట అవే ముడుచుకుంటూ ఉంటాయి. లోపలి కవాటాలు వెనక్కి పోనివ్వవు. నడిచేటప్పుడు పిక్క కండ, లోతుగా పీల్చేటప్పుడు ఊపిరి దాన్ని ముందుకు జరుపుతాయి. కాళ్ల నుంచి బయల్దేరింది చివరికి ఎడమ భుజం వైపు, మెడ కింది ఎముక వెనకున్న సిరలో కలుస్తుంది. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టేది ఈ దారిలో ఉన్న గ్రంథే.

మన ఇళ్లలో పురుడు పోసే పెద్దవాళ్లకు ఈ శరీరశాస్త్రం ఎవరూ చెప్పలేదు. కానీ చేయి తిరిగిన ఆవిడ పని చూడండి. నువ్వుల నూనె గిన్నెను వేన్నీళ్లలో పెట్టి గోరువెచ్చన చేస్తుంది. బాలింతను పీట మీద కూర్చోబెట్టి, కాళ్లు చాపించి, పాదం నుంచి మోకాలి వైపు, మోకాలి నుంచి తొడ వైపు అరచేత్తో నిదానంగా రాస్తుంది. చీలమండను రెండు వైపులా తిప్పిస్తుంది. తర్వాత సున్నిపిండి, వేన్నీళ్లు, ఆపైన నిద్ర. కొందరు బలమంతా పెట్టి పిసుకుతారు, అది మంచి పని అనుకుంటారు. లింఫు కోసమైతే ఆ బలం అక్కర్లేదు. మొదటి నాళాలు చర్మానికి కాస్త కిందే ఉంటాయి, చర్మం కొంచెం సాగి వదిలితే చాలు. 1930ల్లో డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ ఫ్రాన్స్‌లో రూపొందించిన లింఫు మర్దన పద్ధతి కూడా తేలిక చేతిదే. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చేయి వాచిన వాళ్లకు ఫిజియోథెరపిస్టులు ఇప్పటికీ అలాంటి పద్ధతులు వాడతారు. ఆ పద్ధతిలో ముందు మెడ దగ్గర మొదలుపెట్టి దారి తెరిచి, తర్వాత వాపు ఉన్న చోటికి వస్తారు. మన మర్దనలో లేని ఈ మెట్టును కలుపుకోవడం నాకు ఇష్టం.

నూనె మర్దన హార్మోన్లను సరిచేస్తుందనీ, ఒంట్లో విషాలన్నీ తోసేస్తుందనీ చెప్పే ప్రకటనలను నమ్మకండి. ఆ శుద్ధి పని కాలేయానిది, మూత్రపిండాలది. మర్దన ఇచ్చేది వేరు: బిగుసుకున్న ఒంటికి హాయి, కాస్త నిద్ర, రోజుకో అరగంట తన కోసమే ఒక మనిషి కూర్చోవడం. రాత్రంతా బిడ్డకు పాలిచ్చిన తల్లికి ఇది చిన్న విషయమా? సంప్రదాయం కూడా మర్దనకు హద్దులు పెట్టింది. రోజూ నూనె రాసుకోమని, తల, చెవులు, పాదాలకు ముఖ్యంగా రాయమని చెప్పిన వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయమే కఫరోగం ఉన్నవాళ్లకు, అజీర్ణం చేసినవాళ్లకు వద్దంది.

వదిలేయాల్సినవీ ఉన్నాయి. బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని గ్లాసులు లెక్కపెట్టి ఇవ్వడం అన్యాయం. పాలిచ్చే తల్లికి దాహం వేసినప్పుడల్లా నీళ్లు కావాలి. నడుముకు గుడ్డ కట్టినా ఊపిరి నిండా పీల్చుకునేంత వదులుండాలి. మూసిన గదిలో సాంబ్రాణి పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. సిజేరియన్ అయితే కుట్లు మానేదాకా పొట్ట జోలికి వెళ్లకూడదు.

నెలసరికి ముందు రొమ్ములు బరువెక్కినప్పుడు, ముట్లు ఆగే వయసులో కాళ్లు లాగుతున్నప్పుడు కూడా ఇవే పనికొస్తాయి: నడక, పడుకుని పాదాలను పైకీ కిందకీ ఆడించడం, పొట్ట ఉబ్బేలా నెమ్మదిగా ఊపిరి, ఉప్పు తగ్గించడం.

ఒకప్పుడు ఒళ్లు పట్టిన ఆవిడకు చీర, బియ్యం ఇచ్చి పంపేవాళ్లు. ఆ చేతి పనికి తగిన విలువ ఎప్పుడూ కట్టలేదనే నా బాధ. ఇప్పుడు డాలస్‌లో కూతురి పురుటికి సూట్‌కేసులో సున్నిపిండి పెట్టుకుని అమ్మ వెళ్తోంది; అమ్మకు వీసా దొరకకపోతే ఆ పని భర్త నేర్చుకోవాలి. నేర్చుకోవడం కష్టమేమీ కాదు. రోజూ నూనె రాసే ముందు రెండు పిక్కలూ తాకి చూడాలి. ఒక్క కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. కాన్పు తర్వాత తొలి ఆరు వారాల్లో ఆ ప్రమాదం ఎక్కువ. అలాంటి కాలిని అసలు మర్దించకూడదు. ముఖం ఉబ్బినా, తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా రక్తపోటు పెరిగిందేమో చూపించాలి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.